స్తుతియా, సత్యమా? – తొలి ఆంగ్లో-సాక్సన్ బిషప్పుల జీవితచరిత్రలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

దైవసేవకుడు ప్రభువునందు నిద్రించిన తరువాత ఆయన జీవితచరిత్రను వ్రాసి ఉంచుట సంఘములో బహు పురాతనమైన ఆచారము. అట్టి చరిత్రలను మనము ప్రేమతో చదువుతాము, ప్రసంగములలో ఉదాహరణలుగా వాడుకుంటాము. అయితే ఆ చరిత్రను ఎవరు వ్రాశారు, ఎవరి కోరికమీద వ్రాశారు, ఏ సంగతిని చెప్పకుండా విడిచిపెట్టారు అను ప్రశ్నలను అరుదుగా అడుగుతాము. అడిగితే భక్తికి భంగము కలుగుతుందేమోనను భయము మనలో చాలామందికి కలదు.

ఈ వ్యాసములో మేము 7, 8 శతాబ్దములకు చెందిన ఆంగ్లో-సాక్సన్ బిషప్పుల చరిత్రలను ఈ ప్రశ్నలతోనే చదువబూనుకున్నాము. ముఖ్యముగా పరిశీలించునవి ఇవి: 731లో బీడ్ ముగించిన 'ఆంగ్ల జాతి సంఘ చరిత్ర'లోని ఐడన్ వృత్తాంతము, కుత్‌బర్ట్‌ను గూర్చిన రెండు గద్య చరిత్రలు, రిపన్ మఠమునకు చెందిన స్తెఫను అను యాజకుడు వ్రాసిన విల్‌ఫ్రిడ్ చరిత్ర.

మా వాదన క్లుప్తముగా ఇది. భక్తుని చరిత్రకు పరీక్ష అందులోని అద్భుతముల సంఖ్య కాదు. వ్రాసినవాడు తాను ప్రేమించిన వ్యక్తి లోపమును చెప్పగలిగాడా, ఆ జీవితమును తన కాలపు నాయకుల ఎదుట అద్దముగా పట్టగలిగాడా అన్నదే పరీక్ష. ఈ పరీక్షలో బీడ్ చాలావరకు నెగ్గాడు, ఒకచోట తప్పిపోయాడు. ఆయన నెగ్గిన చోటు, తప్పిన చోటు – రెండును మనకు ఉపయోగకరమే.

'పరిశుద్ధుడు' అను మాటను గూర్చి ఒక మనవి. పౌలు పత్రికలలో ఈ మాట విశ్వాసులందరికీ వర్తిస్తుంది. ఇక్కడ మాత్రము, ఆ కాలపు సంఘము కొందరు వ్యక్తులకు ఇచ్చిన గౌరవనామముగానే దానిని వాడుతున్నాము.

2. చారిత్రక నేపథ్యము

రోమా బిషప్పు అయిన గ్రెగొరీ పంపిన అగస్టీను బృందము 597లో కెంట్ ప్రాంతమునకు చేరింది. ఉత్తరమున నార్తంబ్రియా రాజైన ఎడ్విన్ 627లో పౌలినస్ చేత బాప్తిస్మము పొందాడు. 633లో ఎడ్విన్ యుద్ధములో మరణించగా ఆ పరిచర్య చెదిరిపోయింది. పౌలినస్ దక్షిణమునకు వెళ్లిపోయాడు. తరువాత రాజైన ఓస్వాల్డ్ తన ప్రవాసకాలమును ఐరిష్ క్రైస్తవుల మధ్య గడిపినవాడు. కనుక ఆయన కెంట్ వైపు కాక, స్కాట్లాండు పడమటి తీరమున కొలంబా స్థాపించిన ఐయోనా మఠమువైపు చూశాడు. అక్కడనుండి 635లో వచ్చిన ఐడన్ లిండిస్‌ఫార్న్ ద్వీపమున తన మఠమును, బిషప్పు పీఠమును నెలకొల్పాడు.

ఈ విధముగా ఒకే దేశములో రెండు మిషనరీ సంప్రదాయములు ఎదురుపడ్డాయి. పునరుత్థాన పండుగ తేదీని లెక్కించుటలో వారికి భేదము వచ్చింది. చాంద్రమాన మాసపు 14వ దినమునుండి 20వ దినము మధ్య వచ్చు ఆదివారమున ఐయోనావారు పండుగ ఆచరించేవారు. రోమా పద్ధతివారు 15 నుండి 21 మధ్య వచ్చు ఆదివారమున ఆచరించేవారు. 664లో విట్బీ మఠమున జరిగిన సభలో ఓస్వియు రాజు రోమా పద్ధతికి అనుకూలముగా తీర్పు చెప్పాడు. ఓడిన పక్షమున మాట్లాడినవాడు లిండిస్‌ఫార్న్ బిషప్పు కోల్మన్. గెలిచిన పక్షమున వాదించినవాడు యువ యాజకుడైన విల్‌ఫ్రిడ్. మనము పరిశీలించు చరిత్రలన్నీ ఈ సభ తరువాత వ్రాయబడినవే. గెలిచినవారి కాలములో, గెలిచినవారి పద్ధతిని అంగీకరించినవారే వాటిని వ్రాశారు. ఈ సంగతి మరువరాదు.

3. అరువు తెచ్చుకున్న మాటలు

కుత్‌బర్ట్ 687 మార్చి 20న ఫార్న్ ద్వీపములో మరణించాడు. 698లో సమాధి తెరచినప్పుడు శరీరము కుళ్లకుండ ఉండెనని లిండిస్‌ఫార్న్ సోదరులు సాక్ష్యమిచ్చారు. ఆ తరువాత కొద్ది సంవత్సరములలోనే, సుమారు 699–705 మధ్య, ఆ మఠమునకు చెందిన ఒక సన్యాసి మొదటి చరిత్రను వ్రాశాడు. ఆయన పేరు మనకు అందలేదు.

ఆ చరిత్ర ముందుమాట చదివినవారికి ఒక ఆశ్చర్యము కలుగుతుంది. అందులోని వాక్యములు అనేకము ఆయన సొంతవి కావు. సుల్పీషియస్ సెవెరస్ వ్రాసిన మార్టిన్ చరిత్రనుండి, అథనాసియస్ వ్రాసిన ఆంథోనీ చరిత్రయొక్క లాటిను అనువాదమునుండి తీసుకొనబడినవి. మరికొన్ని సంవత్సరములకు రిపన్ స్తెఫను విల్‌ఫ్రిడ్ చరిత్రను ఆరంభించినప్పుడు, ఈ కుత్‌బర్ట్ చరిత్ర ముందుమాటనుండి వాక్యములు ఎత్తుకున్నాడు. 'నేను అయోగ్యుడను, అయినను విధేయతచేత వ్రాయుచున్నాను' అను భావము ఒకరి చేతినుండి మరొకరి చేతికి అందుతూ వచ్చింది.

నేటి విద్యార్థి దీనిని గ్రంథచౌర్యమని కొట్టివేయవచ్చు. అది తొందరపాటు తీర్పు. ఆ కాలపు రచయితకు అరువు మాటలు ఒక వాదన. మార్టిన్‌కు వాడిన మాటలను కుత్‌బర్ట్‌కు వాడుట ద్వారా, గౌల్ దేశమున మార్టిన్ ద్వారా పనిచేసిన ఆత్మయే మా ద్వీపములోను పనిచేశాడని ఆయన చెప్పుతున్నాడు. అదే ప్రాంతమున విట్బీ మఠమువారు వ్రాసిన గ్రెగొరీ చరిత్ర ఈ ధోరణిని మరింత దూరము తీసుకుపోయింది. తాము చెప్పిన అద్భుతములలో ఏదైనను నిజముగా మరొక పరిశుద్ధునిది అయినను బాధపడనక్కరలేదని ఆ రచయిత వాదించాడు. పరిశుద్ధులందరు క్రీస్తునందు ఒకే శరీరము కనుక ఒకరిది అందరిది అన్నది ఆయన తర్కము.

ఈ తర్కములో వేదాంత సౌందర్యము కలదు. ప్రమాదము కూడ కలదు. అవయవములన్నియు ఒకే శరీరమునకు చెందినవని పౌలు చెప్పిన మాట నిజమే. అయితే ఆ పౌలే చేయి కన్ను కాదని కూడ చెప్పాడు. ఒకరి క్రియను మరొకరికి అంటగట్టినప్పుడు, దేవుడు ఆ ప్రత్యేక వ్యక్తిద్వారా ఆ ప్రత్యేక స్థలములో చేసిన కార్యము మసకబారుతుంది. అన్ని చరిత్రలు ఒకే చరిత్ర అయినచో చదువరికి మనిషి కనబడడు, మూస కనబడుతుంది.

బీడ్ ఈ ప్రమాదమును గుర్తించినట్లు ఆయన పద్ధతి సూచిస్తుంది. లిండిస్‌ఫార్న్ బిషప్పు ఎడ్‌ఫ్రిత్, ఆయన సోదరులు కోరగా సుమారు 721లో ఆయన కుత్‌బర్ట్ గద్య చరిత్రను 46 అధ్యాయములలో వ్రాశాడు. చిత్తుప్రతి దశలోనే కుత్‌బర్ట్‌ను ఎరిగిన హెరెఫ్రిత్ అను యాజకునికి, మరికొందరికి దానిని చూపాడు. తరువాత మఠమునకు పంపగా పెద్దలు, బోధకుల ఎదుట రెండు దినములు దానిని చదివించి పరీక్షించారు. ఈ సంగతులను ఆయనే ముందుమాటలో వివరించాడు. సాక్షులను పేర్కొనుట, వ్రాసినదానిని సంఘము ఎదుట ఉంచుట – ఈ రెండును నేటికీ మంచి నియమములే. అయితే ఒక నష్టము కూడ జరిగింది. మొదటి చరిత్ర ఇచ్చిన ఊళ్ల పేర్లను, మనుష్యుల పేర్లను బీడ్ పలుచోట్ల వదిలివేశాడు. రెండు చరిత్రలను 1940లో కలిపి ప్రచురించిన బెర్‌ట్రమ్ కోల్‌గ్రేవ్ ఈ సంగతిని చూపాడు. బీడ్ చేతిలో కథ సాఫీ అయింది, బోధ స్పష్టమైంది; నేల వాసన కొంత తగ్గింది.

4. ఐడన్: లోపము చెప్పిన స్తుతి

బీడ్ ఎన్నడును చూడని మనిషి ఐడన్. ఆయన 651 ఆగస్టు 31న మరణించాడు. బీడ్ పుట్టినది సుమారు 673లో. పైగా పండుగ విషయములో ఐడన్ పద్ధతి తప్పని బీడ్ దృఢముగా నమ్మినవాడు. కాలగణన మీద గ్రంథములు వ్రాసిన పండితునికి అది చిన్న విషయము కాదు. అయినను 'సంఘ చరిత్ర' మూడవ భాగములో ఐడన్‌కు దక్కినంత ప్రేమ మరి ఏ బిషప్పుకును దక్కలేదని మా అభిప్రాయము.

ఆ వృత్తాంతములోని ప్రధానాంశములను గమనించుదము. ఐడన్‌కు ముందు ఐయోనానుండి వచ్చిన బోధకుడు కఠినుడు. ప్రజలు మొండివారని విసిగి తిరిగి వెళ్లిపోయాడు. ఆ పెద్దల సభలో ఐడన్ లేచి, విద్యలేని శ్రోతలకు మొదట పాలవంటి సులువైన బోధ ఇవ్వవలసి ఉండెనని మృదువుగా చెప్పాడు. ఆ మాటయే ఆయనను బిషప్పుగా పంపుటకు కారణమైంది. ఆయనకు ఆంగ్లభాష సరిగా రాని రోజులలో ఓస్వాల్డ్ రాజే ప్రక్కన నిలిచి అధికారులకు అనువదించి చెప్పేవాడు. అవసరమైతేనే గుఱ్ఱమెక్కేవాడు, లేనిచో ఊరినుండి ఊరికి నడిచే వెళ్లేవాడు. దారిలో కనబడినవారు ధనికులైనను దరిద్రులైనను ఆగి పలుకరించేవాడు. ధనవంతులకు డబ్బు ఇచ్చేవాడు కాడు. వారు వస్తే భోజనము పెట్టేవాడు. వారు ఇచ్చిన ధనమును బీదలకు పంచేవాడు, లేదా అన్యాయముగా అమ్మబడిన దాసులను విడిపించుటకు వాడేవాడు. అట్లు విడిపించిన వారిలో అనేకులను శిష్యులుగా చేసికొని, నేర్పించి, యాజకులను చేశాడు.

గుఱ్ఱము కథ ప్రసిద్ధము. డెయిరా రాజైన ఓస్విన్ నదులు దాటుటకు, దూరప్రయాణములకు పనికివచ్చునని ఐడన్‌కు మేలుజాతి గుఱ్ఱమును ఇచ్చాడు. దారిలో బిచ్చగాడు అడుగగా ఐడన్ దిగి, రాజోచితమైన అలంకారముతో సహా ఆ గుఱ్ఱమును ఇచ్చివేశాడు. భోజనమునకు వెళ్తుండగా రాజు అడిగాడు: బిచ్చగానికి ఇచ్చుటకు తక్కువ వెలగల గుఱ్ఱములు మా దగ్గర లేవా? ఐడన్ సమాధానము సూటియైనది: ఆడుగుఱ్ఱము కన్న పిల్ల, దేవుని బిడ్డకంటె మీకు ప్రియమా? వేటనుండి వచ్చి చలికాచుకొనుచున్న రాజు కొంతసేపు ఆలోచించి, కత్తి విప్పి, బిషప్పు పాదములమీద పడ్డాడు. ఇకమీదట నీవు ఏమి ఇచ్చినను నేను లెక్క అడుగనని చెప్పాడు. కొంతసేపటికి ఐడన్ కన్నీరు పెట్టుకొని, ఇట్టి దీనుడైన రాజు ఎక్కువకాలము బ్రదుకడని తన యాజకునితో ఐరిష్ భాషలో అన్నాడు. 651లో ఓస్వియు ఓస్విన్‌ను చంపించాడు. పన్నెండవ దినమున ఐడన్ కూడ కన్నుమూశాడు. సంఘమందిరపు పడమటి గోడకు వేసిన గుడారములో, గోడకు ఊతమిచ్చు కొయ్యకు ఆనుకొని ఆయన ప్రాణము విడిచాడు.

ఈ వృత్తాంతము చివర బీడ్ ఒక అసాధారణమైన పని చేశాడు. ఐడన్ పండుగ పద్ధతిని తాను ఏ మాత్రము మెచ్చుకొనుటలేదని, పైగా గట్టిగా నిరాకరిస్తున్నానని స్పష్టముగా వ్రాశాడు. వెంటనే ఆయనలో మెచ్చదగినవాటిని వరుసగా చెప్పాడు: సమాధానప్రియత్వము, దీనత, కోపమును లోభమును జయించిన మనస్సు, లేఖనపఠనమందు శ్రద్ధ, గర్విష్ఠులను గద్దించు అధికారము, బలహీనులను ఆదరించు కనికరము. ఐడన్ ఏ వారమైనను సరే 14వ దినముననే పండుగ చేశాడని కొందరు మోపిన నిందను కూడ ఆయన త్రోసివేశాడు. తప్పు ఎంత ఉన్నదో అంతే చెప్పాడు. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు.

ఇందువలన ఏమి కలిగింది? లోపమును దాచనివాడు గుణమును పెంచి చెప్పడని చదువరికి నమ్మకము కలుగుతుంది. ఐడన్ స్తుతి అంతటికీ ఆ ఒక్క విమర్శ జామీనుగా నిలిచింది. దావీదు పాపమును, నాతాను గద్దింపును సమూయేలు గ్రంథము విడిచిపెట్టి ఉంటే దావీదును గూర్చిన మిగిలిన మాటలను మనము ఎంతవరకు నమ్మేవారము?

మరొక సంగతి. ఐడన్ నడకను వర్ణించునప్పుడు బీడ్ మధ్యలో ఆగి, ఆ జీవితము మా కాలపు మందత్వమునకు ఎంతో భిన్నమని ఒక మాట అన్నాడు. ఆ ఒక్క మాటతో గతమును గూర్చిన స్తుతి వర్తమానమును గూర్చిన గద్దింపు అయింది. ఐడన్ నడిచాడు, నీవు నడుస్తున్నావా? ఐడన్ డబ్బు పంచాడు. నీవు ఏమి చేస్తున్నావు? 731 నాటి బిషప్పు ఎవరైనను ఈ పేజీని నిమ్మళముగా చదివి ఉండడు.

ఐడన్ శిష్యులలో ఒకడైన చాద్ కథలో ఇదే గుఱ్ఱము మరల కనబడుతుంది. చాద్ కూడ కాలినడకనే తిరిగేవాడు. తార్సు పట్టణస్థుడైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు థియొడోర్ ఆయనను దూరప్రయాణములకు గుఱ్ఱమెక్కుమని ఆజ్ఞాపించాడు. ఆయన వెనుదీయగా తన చేతులతోనే ఎత్తి ఎక్కించాడు. అంతకుముందు నీ అభిషేకము సక్రమము కాదని థియొడోర్ చెప్పినప్పుడు, నేను ఎన్నడును దీనికి అర్హుడనని అనుకొనలేదు, సంతోషముగా విడిచిపెడతానని చాద్ జవాబిచ్చాడు. ఇక్కడ బీడ్ నడకను ఒక చట్టముగా చేయలేదు. గుఱ్ఱము మీద కూర్చున్నవాడు దిగుటకు సిద్ధముగా ఉన్నాడా అన్నదే ఆయన దృష్టి.

5. విల్‌ఫ్రిడ్: లోపము చెప్పలేని స్తుతి

విల్‌ఫ్రిడ్ చరిత్రను వ్రాసిన స్తెఫను, బీడ్ పేర్కొన్న ఎడ్డి అను గానబోధకుడే అని పూర్వము అనుకున్నారు. నేటి పండితులు ఆ గుర్తింపును నిశ్చయమని అంగీకరించుటలేదు. హెక్సమ్ బిషప్పైన అక్కా, రిపన్ మఠాధిపతి టాట్‌బర్ట్ కోరగా ఆయన దీనిని వ్రాశాడు. ఇద్దరును విల్‌ఫ్రిడ్‌కు వారసులే.

విల్‌ఫ్రిడ్ జీవితము కష్టములతో నిండినది. 678లో ఎగ్‌ఫ్రిత్ రాజు ఆయనను వెళ్లగొట్టగా ఆయన అధ్యక్షమండలమును భాగములు చేశారు. ఆయన రోమాకు అప్పీలు చేసికొని అనుకూలమైన తీర్పుతో తిరిగివస్తే, రాజు ఆయనను చెరలో వేశాడు. తరువాత ప్రవాసము, తరువాత తిరిగివచ్చుట, మరల ప్రవాసము, మరల రోమా యాత్ర. స్తెఫను దృష్టిలో విల్‌ఫ్రిడ్ హింసించబడిన ప్రవక్త. ఆయనకు విరోధియైన రాణి ఇయుర్మిన్‌బర్గ్ యెజెబెలు. ఈ సాదృశ్యమును ఆయన నేరుగానే వాడాడు.

అయితే స్తెఫను తన నాయకుని సమర్థించబోయి, తెలియకుండానే మనకు చాలా సంగతులు చెప్పాడు. రాణి రాజును ఎట్లు రెచ్చగొట్టెనో వివరించుచు, విల్‌ఫ్రిడ్ ఐశ్వర్యమును, మఠముల సంఖ్యను, రాజవస్త్రములు ఆయుధములు ధరించిన ఆయన అనుచరుల సైన్యమును ఆమె ఎత్తిచూపెనని వ్రాశాడు. అది అసూయ అని ఆయన అన్నాడు. అబద్ధము అని మాత్రము అనలేదు. అంత్యదినములలో విల్‌ఫ్రిడ్ రిపన్ ఖజానా తెరిపించి, బంగారము, వెండి, రత్నములను నాలుగు భాగములు చేయించాడని కూడ వ్రాశాడు. ఒక భాగము రోమా సంఘములకు, ఒకటి బీదలకు, ఒకటి తనతో ప్రవాసము అనుభవించినవారికి. మిగిలిన భాగము రాజుల, బిషప్పుల దయను సంపాదించుకొనుటకై రిపన్, హెక్సమ్ మఠాధిపతులకు. ఈ చివరి మాటను స్తెఫను ఏ సంకోచమును లేకుండ వ్రాశాడు. బీదలకు ఎంత భాగమో, అధికారుల దయకు కూడ అంత భాగము.

మరొక కథ ఇంకను బాధాకరము. ఒక గ్రామమున విల్‌ఫ్రిడ్ పరిచర్య చేయుచుండగా ఒక తల్లి తన మృతశిశువును గుడ్డలో దాచి తెచ్చింది. ఆయన ప్రార్థించగా బిడ్డ బ్రదికెను. ఏడేండ్లు నిండగానే దేవుని సేవకు అప్పగించవలెనని ఆయన ఆజ్ఞ. తల్లి మనసు ఒప్పక బిడ్డను తీసికొని పారిపోయి బ్రిటన్ల మధ్య దాగింది. విల్‌ఫ్రిడ్ అధికారి హొక్కా అనువాడు వెదకి, బిడ్డను బలవంతముగా తెచ్చాడు. ఆ బాలుడు రిపన్‌లో పెరిగి, తెగులు వచ్చినప్పుడు మరణించాడు. స్తెఫనుకు ఇది నెరవేరిన మ్రొక్కుబడి. సమూయేలును అర్పించిన హన్నా కథ ఆయన మనస్సులో ఉండవచ్చు. కాని హన్నా తానే మ్రొక్కుకున్నది, తానే తీసికొనివచ్చినది. ఇక్కడ తల్లి పారిపోయింది. ఆ తల్లి కన్నీటిని చూచుటకు స్తెఫను గ్రంథములో చోటు లేదు.

మేము విల్‌ఫ్రిడ్‌ను దోషిగా నిలబెట్టుటకు ఈ మాటలు వ్రాయుటలేదు. ఆయన ధైర్యశాలి, గొప్ప సంస్థాపకుడు, సువార్తికుడు. మా విమర్శ చరిత్రకారుని మీద. తన నాయకుడు చేసినదంతయు మంచిదేనని తీర్మానించుకున్నవానికి మంచిచెడులను వేరుచేసి చూపు కన్ను పోతుంది. లోపమును దాచవలెనని కూడ అతనికి తోచదు. దానినే ఘనతగా ప్రకటిస్తాడు.

6. బీడ్ మౌనము

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వచ్చాము. ఐడన్ లోపమును అంత నిర్మొహమాటముగా చెప్పిన బీడ్ విల్‌ఫ్రిడ్ విషయములో ఏమి చేశాడు?

678 నాటి వెళ్లగొట్టుటను చెప్పుచు, రాజుకు బిషప్పుకు మధ్య విరోధము కలిగెనని మాత్రము అన్నాడు, కారణము చెప్పలేదు. చెరసాల సంగతి ఎత్తలేదు. ఖజానా పంపకము లేదు, హొక్కా లేడు. బదులుగా దక్షిణ సాక్సన్ల మధ్య విల్‌ఫ్రిడ్ చేసిన పరిచర్యను విపులముగా వర్ణించాడు. మూడేండ్లు వర్షము లేక ప్రజలు ఆకలితో చచ్చుచుండిరి. నలభై యేబదిమంది కలిసి చేతులు పట్టుకొని కొండకొమ్ములనుండి దూకుచుండిరి. వారికి సముద్రములో చేపలు పట్టుట తెలియదు, మలుగుపాములను పట్టుట మాత్రమే తెలుసు. విల్‌ఫ్రిడ్ మనుష్యులు ఆ వలలనే సముద్రములో వేయించి 300 చేపలు పట్టి, నూరు బీదలకు, నూరు వలలు ఇచ్చినవారికి, నూరు తమకు పంచుకున్నారు. రాజు సెల్సీలో 87 కుటుంబములకు సరిపడు భూమిని ఇవ్వగా, ఆ భూమితో వచ్చిన దాసదాసీలు 250 మందికి విల్‌ఫ్రిడ్ బాప్తిస్మమిచ్చి విడుదల చేశాడు.

ఈ చిత్రమును ఐడన్ చిత్రము ప్రక్కన ఉంచండి. ఆకలిగొన్నవారికి ఆహారము, దాసులకు విడుదల. విల్‌ఫ్రిడ్ జీవితములో ఐడన్‌ను పోలిన భాగమును బీడ్ వెదకి తీసి ముందుంచాడు. ఆయనను విమర్శించుటకు బదులు, ఆయన శ్రేష్ఠమైన దినములను ఏరుకున్నాడు.

కుత్‌బర్ట్ చరిత్ర 40వ అధ్యాయములో ఈ మౌనము మరింత స్పష్టము. కుత్‌బర్ట్ మరణము తరువాత లిండిస్‌ఫార్న్‌కు పెద్ద శోధన వచ్చెనని, అనేక సోదరులు ఆ స్థలమును విడిచివెళ్లుటకే సిద్ధపడిరని బీడ్ వ్రాశాడు. ఎవరివలన? అక్కడ పేరు లేదు. అయితే 'సంఘ చరిత్ర'లో మరొకచోట, ఆ ఒక్క సంవత్సరము ఆ పీఠమును చూచుకున్నవాడు విల్‌ఫ్రిడ్ అని మామూలు మాటగా చెప్పాడు. రెండు గ్రంథములను కలిపి చదువువారికి మాత్రమే సంగతి అర్థమవుతుంది.

ఎందుకీ మౌనము? వాల్టర్ గోఫార్ట్ 1988లో ప్రచురించిన గ్రంథములో, బీడ్ రచనలు చాలావరకు విల్‌ఫ్రిడ్ పక్షమునకు సమాధానముగా వ్రాయబడినవని వాదించాడు. ఐడన్, కుత్‌బర్ట్‌ల దీనత విల్‌ఫ్రిడ్ వైభవమునకు మౌనవిమర్శ అన్నమాట. ఈ వాదనలో బలము కలదు. కాని బీడ్‌ను కేవలము ఒక పక్షపు రచయితగా చేయుట మాకు సమ్మతము కాదు. 708లో విల్‌ఫ్రిడ్ ఎదుట, విందులో, బీడ్ కాలగణన మీద కొందరు దుర్బోధ అను నింద మోపారు. ఆ వార్త విని బీడ్ ఎంత కలతచెందాడో ప్లెగ్విన్ అను సోదరునికి వ్రాసిన లేఖలో కనబడుతుంది. ఇంత గాయము తగిలినవాడు ప్రతీకారము తీర్చుకొనదలచితే 731లో మంచి అవకాశము ఉండెను. ఆయన తీర్చుకొనలేదు. ఆ మౌనములో క్షమాపణ కూడ కలదని మేము నమ్ముతున్నాము.

అయినను పూర్తిగా సమర్థించలేము. ఐడన్ చనిపోయి ఎనుబది సంవత్సరములైంది, ఆయన పక్షము ఓడిపోయింది. ఆయన తప్పు చెప్పుటకు బీడ్‌కు ఖర్చు లేదు. విల్‌ఫ్రిడ్ శిష్యుడైన అక్కా హెక్సమ్ బిషప్పుగా బీడ్‌కు పై అధికారి. బీడ్ తన వ్యాఖ్యానములు అనేకము ఆయనకే అంకితమిచ్చాడు. ఓడినవారి తప్పు పేరుతో చెప్పబడింది. గెలిచినవారి తప్పు పేరు లేకుండ పోయింది. స్వంత గాయమును కప్పిన మౌనము ప్రేమ. సంఘాధికారము దుర్వినియోగమైన సంగతిని కప్పిన మౌనము వేరు. దాని ఖర్చును తరువాతివారు చెల్లిస్తారు. బీడ్ మౌనములో ఈ రెండును కలిసిపోయాయి.

7. ఎగ్‌బర్ట్‌కు వ్రాసిన లేఖ

బీడ్ కథ ఇక్కడ ముగిసి ఉంటే మా తీర్పు ఇంకను కఠినముగా ఉండేది. 734 నవంబరు 5న, మరణమునకు కొన్ని నెలల ముందు, ఆయన యార్క్ బిషప్పు ఎగ్‌బర్ట్‌కు ఒక లేఖ వ్రాశాడు. చరిత్రలో స్తుతి వెనుక దాచిన మాటలను ఇక్కడ బహిరంగముగా చెప్పాడు.

కొందరు బిషప్పుల చుట్టూ నవ్వులు, పరిహాసములు, విందులు కోరువారే ఉన్నారని ఆయన వాపోయాడు. కొండలలో, దట్టమైన అడవులలో ఉన్న అనేక గ్రామములలో ఏండ్ల తరబడి బిషప్పు ముఖమే కనబడలేదు. అయినను బిషప్పుకు చెల్లించవలసిన పన్నునుండి వాటిలో ఒక్కటికైనను మినహాయింపు లేదని ఎత్తిచూపాడు. నివారణ కూడ చెప్పాడు: ప్రతి గ్రామమునకు యాజకులను నియమించవలెను, విశ్వాస ప్రమాణమును, ప్రభువు ప్రార్థనను ప్రజలకు వారి సొంత భాషలోనే నేర్పవలెను, అధ్యక్షమండలములను చిన్నవిగా చేయవలెను. లాటిను రాని యాజకుల కొరకు ఈ రెండింటిని తానే ఆంగ్లములోనికి అనువదించి ఇచ్చానని వ్రాశాడు. గ్రెగొరీ వ్రాసిన కాపరుల నియమ గ్రంథమును చదువుమని ఎగ్‌బర్ట్‌కు సలహా ఇచ్చాడు.

ఈ లేఖను చదివి మరల ఐడన్ వద్దకు వెళ్లితే, ఆ నడక ఎందుకు అంత వివరముగా వర్ణించబడెనో తెలుస్తుంది. కుత్‌బర్ట్ ఇతరులు భయపడు కొండ గ్రామములకు వెళ్లి, వారము, రెండు వారములు, ఒక్కొక్కసారి నెల దినములు ఇంటికి రాకుండ బోధించిన సంగతిని బీడ్ ఎందుకు విస్తరించి వ్రాశాడో కూడ తెలుస్తుంది. బీడ్ రచనలన్నిటిలో ఒకే సంస్కరణ ఆదర్శము నడుస్తున్నదని 1983లో అలన్ థాకర్ చూపాడు. ఈ విషయములో మేము గోఫార్ట్‌తో కంటె థాకర్‌తో ఏకీభవిస్తాము. బీడ్‌కు బాధ విల్‌ఫ్రిడ్ అను ఒక మనిషి కాదు. కాపరి ముఖము ఎరుగని గ్రామము.

8. ముగింపు

ఈ పరిశీలననుండి కాపరులకు, వేదాంత విద్యార్థులకు మూడు మాటలు.

మొదటిది, చదువుట గూర్చి. భక్తుని చరిత్రను చదువునప్పుడు అందులో స్తుతింపబడిన గుణమును చూచి, ఆ గుణము రచయిత కాలములో ఎవరికి కొరవడినదో అడుగవలెను. అప్పుడు ఆ చరిత్ర ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నదో వినబడుతుంది.

రెండవది, వ్రాయుట గూర్చి. మన సంఘములలో కూడ పితరుల స్మారక చరిత్రలు వ్రాయబడుచున్నవి. వాటిని వ్రాయమని నేటి విద్యార్థులనే రేపు అడుగుతారు. స్తెఫను ప్రేమ తక్కువది కాదు, కాని అది మనిషిని కనబడకుండ చేసింది. బీడ్ ఐడన్‌కు చేసినట్లు, తప్పును దాని కొలతలోనే చెప్పి, గుణమును దాని కొలతలో చెప్పుట నేర్చుకొనవలెను. సాక్షులను పేర్కొనవలెను. అద్భుతము ప్రక్కన ఏడ్చుచున్న తల్లి ఉన్నచో ఆమెను కూడ వ్రాయవలెను.

మూడవది, మౌనము గూర్చి. ఓడిపోయినవారి తప్పులను చెప్పుట సులభము. మనపై అధికారము గలవారి తప్పును ప్రేమతో, పేరుతో, సకాలములో చెప్పుట కష్టము. బీడ్‌కు దానికి జీవితకాలము పట్టింది. చివరి శీతకాలమున గాని ఆయన కలము అంత సూటిగా పలుకలేదు. 735లో ఆయన మరణించాడు, ఎగ్‌బర్ట్ ఆర్చిబిషప్పు అయ్యాడు. ఆ లేఖ మాత్రము నిలిచింది. ఎవరును వెళ్లని గ్రామమును గూర్చి దానిలో అడిగిన ప్రశ్న, దానిని చదువు ప్రతి కాపరిని నేటికీ అడుగుచున్నది.